కట్టేసుకున్న వేలు

"ఏటవతలి దీపం" పాటలో ప్రతి వరస తర్వాత కాస్త ఖాళీ ఉంటుంది. మా చర్చి పెద్ద, డీకన్ థర్మన్, ఒక వరస పాడి ఆగుతాడు. గిటార్ జవాబు చెబుతుంది. ఆయన మళ్ళీ అందుకుంటాడు. ఆ జవాబులు మా ఆయన హోసియావి. అసలు పాటే వాళ్ళిద్దరూ కలిసి కట్టుకున్నది, కుర్రతనంలో, జిన్నింగ్ మిల్లు వెనక పత్తి బేళ్ళ మీద కూర్చుని.

హోసియా పోయాక కూడా మా చర్చి పాటల బృందం వార్షికోత్సవానికి థర్మన్ ఏటా ఆ పాట పాడుతూనే ఉన్నాడు. ఖాళీ దగ్గర ఆగేవాడు. జవాబు చెప్పేవాళ్ళు లేరు. జనం తలలు వంచుకుని సన్నగా మూలిగేవాళ్ళు, ఆయన మళ్ళీ ఎత్తుకునేవాడు. మొదటి ఏడు అందరూ ఏడ్చారు. రెండో ఏడు కొందరు ఏడ్చారు. మూడో ఏడు వెనక వరసలో ఎవరో గడియారం చూసుకోవడం నేను చూశాను.

ఈ ఏడు వేసవిలో, చర్చి వంటగదిలో మేం చిక్కుడు గింజలు వలుస్తుంటే పాస్టరుగారు వచ్చి చెప్పారు. "మా మేనల్లుడు కీబోర్డు బాగా వాయిస్తున్నాడు. థర్మన్ పాటలో ఆ ఖాళీలు వాడు నింపుతాడు. ఎన్నాళ్ళని అలా వదిలేస్తాం?"

ఆయన అన్నదాంట్లో తప్పేం లేదు. కానీ నా చేతులు ఆగిపోయాయి.

"నేను వాయిస్తాను," అన్నాను.

నా ఆడపడుచు ఎర్లీన్ గింజల గిన్నె మీంచి తలెత్తింది. "ఏం వాయిస్తావు వదినా? ఈ గిన్నా?"

అందరూ నవ్వారు. పాస్టరుగారు నవ్వలేదు. "సరే సిస్టర్ లూవినియా. థర్మన్‌తో మాట్లాడుకోండి. ఆయన ఒప్పుకుంటే నాకేం," అన్నారు.

నేను ఊరికే అన్న మాట కాదది. హోసియా పోయిన ఏడాదికి ఆయన గిటార్ తీగలు తుప్పు పడుతున్నాయని దుమ్ము తుడవబోయి, తుడిచిన చేత్తోనే మీటడం మొదలుపెట్టాను. ఆ తర్వాత నుంచి నేర్చుకోవడానికి క్లియోథా మంగలి షాపుకి వెళ్తున్నాను. సోమవారం షాపుకి సెలవు. క్లియోథా నన్ను గిరాకీ కుర్చీలో కూర్చోబెట్టి, పెడలు తొక్కి ఎత్తు సరిచేసి, తను బల్ల మీద కూర్చుంటాడు. హోసియాకి చిన్నప్పటి స్నేహితుడు. శనివారాలు హోటళ్ళలో చర్చి ఒప్పుకోని బ్లూస్ పాటలు వాయించి, ఆదివారం ఏమీ ఎరగనట్టు చర్చిలో కూర్చునే మనిషి.

"మన పాటకి అయిదు స్వరాలు చాలు," అని మొదటి రోజే చెప్పాడు. "మిగతావి డబ్బున్నవాళ్ళకి. ఇదిగో, ఈ నాలుగు మెట్ల మధ్య ఆ అయిదూ కాపురం ఉంటాయి. ఇది ఒక గది. ముందు ఈ గదిలో చీకట్లో కూడా తడుముకోకుండా తిరగడం నేర్చుకో."

మొదటి గది నాకు వచ్చేసింది. ఆ గదిలో వాయించే చిన్న చిన్న పలుకులు, లిక్కులంటారు వాళ్ళు, అవీ కొన్ని వచ్చాయి. కిందికి దిగేది ఒకటి, తీగని పైకి లాగి ఏడిపించేది ఒకటి, తలుపు తట్టినట్టు ఒకే స్వరాన్ని మళ్ళీ మళ్ళీ కొట్టేది ఒకటి. రెండో గది దగ్గరే నాకు కాళ్ళు అడ్డం పడేవి. గిటార్ మెడ మీద ఇంకాస్త పైకి ఉంటుందది. అవే అయిదు స్వరాలు, కానీ సామాను వేరేగా సర్ది ఉంటుంది. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి పాట ఆగకుండా వెళ్ళాలి.

"దానికి తలుపు ఈ వేలు," అని క్లియోథా నా ఎడమ చేతి ఉంగరపు వేలిని పట్టుకుని చూపించేవాడు. "మూడో తీగ మీద దీన్ని ఆనించి జార్చు. ఎత్తకు, జార్చు. అవతలి గదిలో తేల్తావు."

నేను జార్చేదాన్ని. తీగ చెవిటిదానిలా ఊరుకునేది.

చిక్కుడు గింజల రోజు తర్వాత నేను రెండో గదిని పక్కన పెట్టేశాను. నాకు కావలసింది హోసియా జవాబులు. ఒక పాత వార్షికోత్సవం క్యాసెట్ ఉంది, ఎర్లీన్ ఒళ్ళో పెట్టుకుని రికార్డు చేసింది. అందులో ఎర్లీన్ దగ్గు, అట్ట విసనకర్రల చప్పుడు, వాటి వెనక థర్మన్ గొంతు, దాని వెనక హోసియా. మధ్యాహ్నం భోజనమయ్యాక వంటింటి బల్ల మీద టేపు రికార్డరు పెట్టుకుని కూర్చునేదాన్ని. వినడం, ఆపడం, వెతకడం, వెనక్కి తిప్పడం.

మొదటి జవాబు దొరికింది. రెండోది కూడా దొరికింది, దాదాపు. మూడోది దొరకలేదు. అవే స్వరాలు, అదే వరస, అయినా అది కాదు. హోసియా మూడో జవాబు కొంచెం ఆలస్యంగా వస్తుంది. చెప్పాలా వద్దా అని గడప దగ్గర నిలబడి, చెప్పేసినట్టు ఉంటుంది. నేను వాయిస్తే గడప లేదు, తిన్నగా లోపలికి వచ్చేస్తోంది.

అప్పుడు నాకు ఆయన చెయ్యి గుర్తొచ్చింది.

హోసియాకి ఎడమ చేతి ఉంగరపు వేలు సగానికి పైగా లేదు. పెళ్ళికి ముందే జిన్నింగ్ మిల్లులో పోయింది. పెళ్ళిలో ఉంగరం ఆయన కుడి చేతికి తొడిగాను, పాస్టరు ఒక్క క్షణం తికమకపడ్డాడు. మిగిలిన మూడు వేళ్ళతోనే జీవితమంతా వాయించాడు. అందరూ ఉంగరపు వేలితో లాగే స్వరాన్ని ఆయన మధ్య వేలితో కింది నుంచి పాకించుకుంటూ తెచ్చేవాడు. ఆ పాకడమే ఆ ఆలస్యం.

పాత దిండు గలీబు చింపి ఒక పీలిక తీశాను. నా ఉంగరపు వేలిని అరచేతిలోకి మడిచి, పీలికతో చుట్టి, పళ్ళతో ముడి బిగించాను. గిటార్ ఎత్తుకున్నాను.

పాత గిటార్ కదా, మెట్ల మధ్య చెక్క అరిగి గుంటలు పడి ఉంది. ఇన్నాళ్ళూ ఆ గుంటలు నా వేళ్ళకి అడ్డంగా తోచేవి. ఆ రోజు మూడు వేళ్ళూ తిన్నగా వెళ్ళి వాటిలో కూర్చున్నాయి. ఆయన చెప్పుల్లో కాళ్ళు పెట్టినట్టు అయింది.

ఆ పూట రాలేదు. ఆ వారమూ రాలేదు. మడిచిన వేలు తిమ్మిరెక్కి, మణికట్టు దాకా లాగేది. తర్వాత ఒక మధ్యాహ్నం వచ్చింది. మూడో జవాబు, గడపతో సహా.

పక్క గదిలో ఇస్త్రీ చేస్తున్న ఎర్లీన్ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో ఇస్త్రీ పెట్టె అలాగే ఉంది.

"టేపు పెట్టావా?"

"లేదు."

"మళ్ళీ వాయించు."

వాయించాను. ఎర్లీన్ ఇస్త్రీ పెట్టెని పొయ్యి మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుని, అప్రాన్‌తో మొహం కప్పుకుంది. "మా అన్నయ్య వంటింట్లో ఉన్నాడనుకున్నాను," అంది. తర్వాత నా చెయ్యి చూసింది. "అదేమిటి వదినా, కోసుకున్నావా?"

"కట్టుకున్నాను."

అంతలో పొగ వాసన వచ్చి లేచింది. కాలుతున్నది ఇస్త్రీ బల్ల మీది చొక్కా కాదు, పొయ్యి మీద ఇస్త్రీ పెట్టె కిందున్న గుడ్డ.

నేను చాలా సంతోషంగా ఉన్నాను ఆ రోజుల్లో. ఆ మాట చెప్పుకోవాలి. మూడేళ్ళ తర్వాత ఇంట్లో ఆయన అలికిడి ఉంది, నేను ఎప్పుడు కావాలంటే అప్పుడు.

సెప్టెంబరు చివర ఒక గురువారం సాయంత్రం క్లియోథా నన్ను బృందం సాధనకి తీసుకెళ్ళాడు. చర్చి వెనక హాల్లో థర్మన్, మిగతా ముగ్గురు పాటగాళ్ళు, కీబోర్డు ముందు పాస్టరుగారి మేనల్లుడు. నేను మూల బల్ల మీద కూర్చుని, ఎవరూ చూడకుండా పీలిక కట్టుకుని, వేళ్ళు గుంటల్లో పెట్టుకున్నాను.

థర్మన్ ఏ శ్రుతిలో పాడతాడో ఎప్పుడూ ముందు చెప్పడు. ఎత్తుకుంటాడు, గిటార్ వెతుక్కోవాలి. అది మా వాళ్ళ పద్ధతి. క్యాసెట్‌లో ఒకే చోట ఎత్తుకుంటాడు కాబట్టి నాకా సంగతే గుర్తులేదు.

*ఏటవతల దీపం ఎవరు పెట్టారో*

ఆయన గొంతు ముసలిదైపోయింది. క్యాసెట్‌లో కంటే బాగా కిందికి దిగింది. నా గుంటలు ఒక చోట, ఆయన పాట ఇంకో చోట. వేళ్ళు కిందికి జరిపాను. అక్కడ చెక్క నున్నగా ఉంది, ఏ గుర్తూ లేదు. మడిచిన వేలు మిగతా వాటిని వెనక్కి లాగుతోంది. పైగా ఆయన ఇప్పుడు వరస మధ్యలో ఊపిరి తీసుకుంటున్నాడు. నేను దాన్ని చివర అనుకుని జవాబు మొదలుపెట్టాను. ఆయన ఇంకా పాడుతున్నాడు. గాయకుడి వరస మీద గిటార్ కాలు వెయ్యడం మాలో పెద్ద మర్యాద తక్కువ.

థర్మన్ ఆగి నా వైపు తిరిగాడు. "సిస్టర్, పోయినవాడు హోసియా. నేనింకా ఉన్నాను. నా వరస నన్ను పూర్తి చెయ్యనివ్వండి."

"క్షమించండి డీకన్‌గారూ."

మళ్ళీ ఎత్తుకున్నాడు. మళ్ళీ కాలు వేశాను. మూడోసారి ఆయన పాడకుండా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మీరేం తప్పుగా అనుకోకండి. నాకూ ఆ ఖాళీలో మీరుంటేనే ఇష్టం. కానీ ఎనభై దగ్గర పడ్డ మనిషిని, ఊపిరి ఎక్కడ తీసుకుంటానో నాకే తెలీదు. వార్షికోత్సవం రోజు మొదటి చరణం మీది. అందులో జవాబు వచ్చిందా, పాటంతా మీది. రాలేదా, రెండో చరణం నుంచి అబ్బాయి అందుకుంటాడు. తర్వాత ఇంక ఆ సంగతి ఎత్తుకోవద్దు. సరేనా?"

"సరే," అన్నాను.

బయట క్లియోథా ట్రక్కులో ఎక్కాక చెయ్యి చాపాడు. "ఏదీ, చూపించు."

పీలిక ఇంకా ఉంది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వాడు కూడా, కానీ కాసేపయ్యాక.

"హోసియాకి ఎన్ని సార్లు కలొచ్చిందో నీకు చెప్పాడా? నిద్రలో ఆ వేలు మొలిచేదట. లేచి నాకు చెప్పేవాడు. 'ఇవాళ దాంతో ఫలానాది వాయించాను క్లియోథా, నువ్వు విని ఉండాల్సింది' అని. బతికినన్నాళ్ళూ వాడికి అదే కావాలి. నీకు దేవుడిచ్చింది ఉంటే నువ్వు పీలికతో కట్టేసుకున్నావు."

"నాకా సంగతి చెప్పలేదు," అన్నాను.

"నీకు జాలి పుడుతుందని చెప్పి ఉండడు."

ట్రక్కు స్టార్టు చేశాడు. మా ఇంటి దగ్గర దిగేటప్పుడు, "వార్షికోత్సవానికి ఇంకో రెండు సోమవారాలున్నాయి. కత్తెరలు నూరి ఉంచుతాను, అది విప్పకుండా వస్తే వేలే కోసేస్తాను," అన్నాడు.

ఆ రాత్రి కాదు గాని, మర్నాడు పొద్దున పెరట్లో కొలార్డ్ ఆకుకూర కోస్తూ ఆలోచించాను. నాకు చదువు రాని రోజుల్లో హోసియా నా పేరు ఒక కాగితం మీద రాసి ఇచ్చాడు. దాన్ని చూసి చూసి ముగ్గు వేసినట్టు దింపడం నేర్చుకున్నాను. బ్యాంకులో, ఆసుపత్రిలో, ఎక్కడ సంతకం అడిగినా అదే దింపేదాన్ని. ఎంత బాగా దింపేదాన్నంటే ఆయన రాసిందీ నేను రాసిందీ పక్కపక్కన పెడితే తేడా తెలిసేది కాదు. కానీ ఆ అక్షరాలతో ఇంకో మాట రాయమంటే రాదు. అవి అక్షరాలన్న సంగతే నాకు తెలీదు. మా ఊరి లైబ్రరీలో పెద్దవాళ్ళ బడిలో చేరాక, నా పేరులోని అక్షరం ఇంకెవరి పేరులోనో కనిపించిన రోజు నేను టీచరుగారిని అడిగాను, ఇది నాది కదా, ఇక్కడికెలా వచ్చింది అని.

మొదట్లో సొంతంగా రాసిన సంతకం వంకరటింకరగా ఉండేది. బ్యాంకు అమ్మాయి రెండుసార్లు చూసి, ఇది మీ సంతకమేనా అంది.

ఆకు బుట్ట వంటింట్లో పెట్టి, క్యాసెట్‌ని దాని డబ్బాలో పెట్టి, డబ్బాని ఎర్లీన్‌కి ఇచ్చేశాను. "నీ దగ్గరుంచు. వార్షికోత్సవం అయ్యాక అడుగుతాను."

"అడిగితే ఇస్తానో లేదో," అంది ఎర్లీన్. కానీ తీసుకుంది.

ఆ రెండు సోమవారాలూ క్లియోథా నాకు లిక్కులేవీ చెప్పలేదు. తను థర్మన్ లాగా పాడేవాడు, అసలు కంటే అధ్వాన్నంగా, ఇష్టమొచ్చిన శ్రుతిలో ఎత్తుకుని, ఇష్టమొచ్చిన చోట ఆగి దగ్గేవాడు. నేను లావు తీగ మీద బొటనవేలితో మెల్లగా తడిమి ఆయన ఎక్కడున్నాడో పట్టుకోవాలి. అక్కడ మొదటి గది వేసుకోవాలి. వరస అయిపోయిందో ఊపిరి కోసం ఆగాడో నోరు చూసి తెలుసుకోవాలి. "చూడు, దవడ కిందికి జారితే అయిపోయినట్టు. పైన ఉంటే ఇంకా ఉన్నట్టు," అని చెప్పి, దవడ పైనే పెట్టి మోసం చేసేవాడు. షాపు అద్దంలో మేమిద్దరం పిచ్చివాళ్ళలా కనిపించేవాళ్ళం.

ఉంగరపు వేలు కట్టు విప్పినా కొన్నాళ్ళు మడుచుకునే ఉంది. ఇంట్లో దాన్ని మూడో తీగ మీద ఆనించి జార్చడమే నా పని. పప్పు ఉడికే లోపల జార్చడం, ఎర్లీన్ టీవీ చూస్తుంటే జార్చడం. చెవిటి తీగ మెల్లగా వినడం మొదలుపెట్టింది. పదిసార్లలో ఆరుసార్లు అవతలి గదిలో తేలేదాన్ని. మిగతా నాలుగుసార్లు ఎక్కడ తేలేదాన్నో చెప్పలేను.

వార్షికోత్సవం రోజు చర్చి నిండింది. మూడు ఊళ్ళ నుంచి బృందాలు వచ్చాయి. నేను తెల్ల గౌను వేసుకున్నాను, టోపీ పెట్టుకోలేదు, కిందికి చూస్తే గిటార్ మెడ మీద నీడ పడుతుందని. థర్మన్ ముందుకొచ్చి కర్ర పక్కన పెట్టి, ఏ మాటా చెప్పకుండా ఎత్తుకున్నాడు.

*ఏటవతల దీపం ఎవరు పెట్టారో*

బొటనవేలితో తడిమాను. అక్కడెక్కడా లేడు. ఇంకో మెట్టు కిందికి. ఉన్నాడు. గది వేసుకున్నాను. ఆయన దవడ జారింది.

నా చెయ్యి కదల్లేదు.

ఖాళీ అలాగే ఉంది. మూడేళ్ళుగా ఉన్నట్టే ఉంది. కీబోర్డు దగ్గర అబ్బాయి వేళ్ళు పైకెత్తడం కంటి చివర కనిపించింది. అప్పుడు ముందు వరసలోంచి, తెల్ల బట్టల్లో ఉన్న పెద్దమ్మ ఒకావిడ, వేరే చర్చి ఆవిడ, నేనెవరో కూడా తెలియని ఆవిడ, "తొందరేం లేదు తల్లీ. నిదానంగా కానీ," అంది. మా చర్చిల్లో ఎవరైనా తడబడితే అనే మాటే అది. నేనూ ఎందరికో అన్నాను. వెనకనించి ఇంకెవరో, "అవును, నిదానంగా," అన్నారు.

థర్మన్ రెండో వరస పాడాడు.

*చలి వేళ నా కోసం ఎవరు కూర్చున్నారో*

మధ్యలో ఊపిరి తీసుకున్నాడు. నేను ఆగాను. దవడ జారింది. మూడు స్వరాలు వాయించాను. అంతే, మొదటి గదిలో గుమ్మం పక్కనుండేవే. తలుపు తట్టినట్టు. ఎవరో "ఊ" అన్నారు.

*నా పేరు ఆ నీళ్ళ మీంచి ఎవరు పిలిచారో*

ఇది మూడో వరస. నా మధ్య వేలు తనంతట తను పాకడానికి సిద్ధమైంది, నాకు తెలిసింది. దాన్ని అక్కడే ఉండనిచ్చి ఉంగరపు వేలు ఆనించాను. జార్చాను.

పదిసార్లలో కుదిరే ఆ ఆరింటిలో ఇదొకటైంది. అవతలి గదిలో తేలాను. అక్కడి స్వరం పైన, సన్నగా, నీళ్ళ అవతలినించి వచ్చినట్టు ఉంది. తీగని కొంచెం లాగి పట్టుకున్నాను. ఏం చెయ్యాలో తెలీక ఇంకా పట్టుకున్నాను. థర్మన్ నా వైపు చూడలేదు. ఎత్తుకోవలసిన నాలుగో వరస ఎత్తుకోకుండా, నా స్వరం దిగే దాకా కాచుకుని నిలబడ్డాడు. ఆయన అలా కాచుకోవడం క్యాసెట్‌లో లేదు. నేను ఒక్కో మెట్టూ మొదటి గదిలోకి దిగి వచ్చాక, అప్పుడు ఎత్తుకున్నాడు.

రెండో చరణం దగ్గర అబ్బాయి చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

తర్వాత హాల్లో భోజనాలు. వేయించిన చేప, మొక్కజొన్న రొట్టె, నేను తెచ్చిన కొలార్డ్ ఆకు. క్లియోథా పళ్ళెంతో దూరంగా నిలబడి, నన్ను చూసి తన ఉంగరపు వేలు ఎత్తి ఆడించాడు. ఎర్లీన్ నా ఎదురుగా కూర్చుని చేప ముల్లు తీస్తోంది.

"ఆ మూడోది అన్నయ్యది కాదు వదినా," అంది.

"కాదు."

"మరీ పైకి వెళ్ళిపోయావు. అన్నయ్య ఎప్పుడూ అక్కడికి వెళ్ళలేదు."

"వెళ్ళాలని ఉండేదట."

ఎర్లీన్ ముల్లు తీయడం ఆపి నా ఎడమ చేతి వైపు చూసింది. వేలి కొన ఎర్రగా వాచి ఉంది, తీగ గీత లోతుగా పడి ఉంది. తన గ్లాసులోంచి ఒక ఐసు ముక్క తీసి నా వేలి మీద పెట్టి, కరిగే దాకా పట్టుకుంది.